మా మేనత్త ప్రార్థనలో మా ఊరు

మా మేనత్త చదువుకోలేదు. పింఛను కాగితం మీద వేలిముద్ర వేసేది. కానీ మా ఊరి గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆమె నోటి నుంచి విన్నదే.

మాది భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉన్న కోయగూడెం. మా అత్తకు చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా నాన్నను పెంచింది, తర్వాత మమ్మల్ని పెంచింది. ఆదివారం ఏ పని ఉన్నా చర్చి మానేది కాదు. ఇప్పపువ్వు రాలే రోజులు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం దాదాపు ఒకేసారి వస్తాయి. చీకటితోనే లేచి పువ్వు ఏరి, దాన్ని ఎండబోసి, స్నానం చేసి గంట కొట్టేలోపు చర్చిలో ఉండేది.

మా ప్రాంతంలో చర్చి ఎలా వచ్చిందో పుస్తకాల్లో ఉంది. 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనులు చూస్తున్న హెయిగ్ అనే ఇంజనీరు కోయల మధ్య మిషను పనికి పూనుకున్నాడు. పడవల దారి కోసం మొదలుపెట్టిన ఆ పనులు 1871లో ఆగిపోయాయి గాని మిషను నిలిచింది. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి అక్కడ చాలా ఏళ్లు ఉండి కోయ మాటలు, ఆచారాలు రాసి అచ్చు వేయించాడు. అవి మనకు పనికొచ్చే రాతలే. కానీ అవి బయటి నుంచి వచ్చినవాళ్లు చూసి రాసినవి. లోపలివాళ్లు చెప్పుకున్నది వేరే ఉంది.

అత్త తెలుగు కీర్తనలు వరుసగా పాడేది. ప్రార్థన మాత్రం కోయలోనే చేసేది. రాత్రి దీపం ఆర్పే ముందు ఊళ్లో ఒక్కో ఇంటి పేరు చెప్పి, ఆ ఇంట్లోవాళ్లను దేవునికి అప్పగించేది. చర్చికి రాని ఇళ్లు, వేల్పులను కొలిచే ఇళ్లు కూడా అందులో ఉండేవి. విజ్జ పండుం నాడు ఆమె పూజలో కూర్చునేది కాదు, కానీ వచ్చిన చుట్టాలకు అన్నం వండి పెట్టేది. పెళ్లి మాటలప్పుడు ఏ ఇల్లు ఏ గట్టో పెద్దలు ఆమెనే అడిగేవారు. "చర్చికి పోతే గట్టు పోద్దా అల్లుడా?" అనేది నాతో.

ఆ ప్రార్థనలో ఇళ్ల వరుస ఇప్పటి ఊరి వరుస కాదని నేను చాలా ఆలస్యంగా గమనించాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ వరదకు మా పాత ఊరు కొట్టుకుపోయి, మెరక మీద కొత్తగా కట్టుకున్నాం. అత్త ప్రార్థన మాత్రం పాత ఊరి రేవు దగ్గర మొదలై, చింతచెట్టు దాటి, గుట్ట కింద ముగిసేది.

ఆమె వయసు కూడా వరదతోనే తేలింది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1956 జనవరి 1 అని రాశారు. దాని ప్రకారం ఆమె తన తమ్ముడైన మా నాన్న కంటే చిన్నది! పింఛను ఏళ్ల తరబడి ఆలస్యమైంది. నేను ఆఫీసుకు వెళ్లి అడిగితే రుజువు తెమ్మన్నారు. 1953లో గోదావరి 72.5 అడుగులకు వచ్చినప్పుడు పాలు తాగే మా నాన్నను చంకన వేసుకుని గుట్ట ఎక్కానని అత్త చెప్పేది. పిల్లవాణ్ని మోసిందంటే ఎనిమిది, పదేళ్లు ఉండాలి. కాబట్టి 1943, 1945 మధ్య పుట్టి ఉంటుంది. ఈ లెక్క ఆఫీసులో చెల్లలేదు. కానీ చరిత్రకు ఇది మంచి లెక్కే.

2022 జూలైలో నీళ్లు 71.3 అడుగులకు వచ్చినప్పుడు కూడా ఆమె ఉంది. మరుసటి ఏడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో పోయింది. సమాధి కార్యక్రమంలో అయ్యగారు తెలుగులో ప్రార్థించారు. చర్చికి ఎప్పుడూ రాని వాళ్లు కూడా వచ్చి మట్టి వేశారు.

ఆ రాత్రి నోటుపుస్తకం తీసి ఆమె ప్రార్థన రాయబోయాను. నాకు 18 ఇళ్లే గుర్తొచ్చాయి. రేవు పక్క ఇళ్లు ఎవరివో తెలియలేదు. బడిలో పాఠం చెప్పే నేను, ఇరవై ఏళ్లు రోజూ విన్నదాన్ని ఒక్కసారి కూడా రాసుకోలేదు. ఆ తప్పు నాదే.

అందుకే మన పిల్లలకు, తోటి టీచర్లకు ఒక మాట. మీ ఇంట్లో అత్తో అవ్వో ఉంటే ఈ సెలవుల్లోనే దగ్గర కూర్చోండి. పుట్టిన సంవత్సరం అడగకండి, తెలియదంటారు. ఏ వరదకు ఎంత పిల్ల, ఎవరిని ఎత్తుకుంది, ఏ చెట్టు కింద ఎవరి ఇల్లు, ఏ గట్టు నుంచి ఎవరు కోడలిగా వచ్చారు అని అడగండి. వాళ్ల భాషలోనే, వాళ్ల మాటల్లోనే రాయండి. గుడికి వెళ్లేవాళ్లయినా, చర్చికి వెళ్లేవాళ్లయినా, వేల్పును కొలిచేవాళ్లయినా ఊరి లెక్క వాళ్ల దగ్గరే ఉంది.

నా నోటుపుస్తకంలో ఆ 18 ఇళ్ల తర్వాత కొంత చోటు వదిలాను. గూడెంలో ఇంకా ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు. వచ్చే ఆదివారం వాళ్ల దగ్గరికి వెళ్తున్నాను.