వలస తల్లికి మనసు బాగోలేనప్పుడు: మణుగూరు ప్రాంతంలో తెలుసుకోవాల్సినవి

మణుగూరు వలసతో పెరిగిన ఊరు. సింగరేణి బొగ్గు గనులు, అశ్వాపురం దగ్గరి భారజల కర్మాగారం, ఆ తర్వాత భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వాటిలో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

ఇంకో వలస పని కోసం వచ్చింది కాదు, ప్రాణభయంతో వచ్చింది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం ఇటు మావోయిస్టుల మధ్య నలిగిన వేలాది ఆదివాసీలు ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలు అంటారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం లాంటి దళాలు చెల్లవని తీర్పు ఇచ్చింది. అయినా చాలామంది వెనక్కి వెళ్లలేదు. దేశ సరిహద్దు దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో వీళ్లు శరణార్థులు కారు. ఐక్యరాజ్యసమితి 1998 మార్గదర్శకాల ప్రకారం 'సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్లు'. పేరు ఏదైనా ఇల్లు పోగొట్టుకున్న తల్లి బాధ ఒక్కటే. హైదరాబాద్ బాలాపూర్‌లో బతుకుతున్న రోహింగ్యా తల్లులదీ అదే బాధ.

తల్లికే ఎందుకు ఎక్కువ భారం?

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. నలభై రోజుల చిల్లా వరకు బాలింతను అమ్మ, అత్త, వదినలు చూసుకుంటారు. స్నానం, పథ్యం, బిడ్డను ఎత్తుకోవడం అన్నీ వాళ్లవే. వలస వచ్చిన తల్లికి ఆ చేతులు లేవు. గుత్తికోయ తల్లికి అదనంగా భాష రాదు, కాగితాలు ఉండవు, అటవీ భూమిలో వేసుకున్న గుడిసె ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందో తెలియదు. భర్త గల్ఫ్‌లో ఉండగా అద్దె గదిలో పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి పరిస్థితీ దీనికి దగ్గరిదే.

కాన్పు తర్వాత ప్రపంచవ్యాప్తంగా దాదాపు 13 శాతం తల్లులకు మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుందని, పేద దేశాల్లో అది 20 శాతానికి దగ్గరగా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఇలాంటి చోట్ల ఐదుగురు బాలింతల్లో ఒకరు.

ఎలా గుర్తుపట్టాలి?

చాలామంది తల్లులు "మనసు బాగోలేదు" అనరు. తలనొప్పి, గుండె దడ, ఒళ్లంతా లాగేస్తోంది, తిండి దిగట్లేదు అంటారు. బలం సూది, టానిక్‌తో సరిపెట్టి ఇంటికి వచ్చేస్తారు. అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

కాన్పైన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాల్లోపు అదే తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా, బిడ్డ మీద ఆసక్తి లేకపోయినా, "నేను ఉండి ఏం లాభం" అంటున్నా అది జబ్బు. ఇంట్లోవాళ్లు రెండు ప్రశ్నలు అడగొచ్చు: ఈ నెలలో ఎక్కువ రోజులు దిగులుగా ఉందా? ఇంతకుముందు ఇష్టంగా చేసే పనుల మీద ఇప్పుడు మనసు పోవట్లేదా? ఏ ఒక్కదానికి అవునన్నా ఆలస్యం చేయకుండా చూపించాలి.

కాన్పైన రోజుల్లో ఉన్నట్టుండి తల్లి పొంతన లేకుండా మాట్లాడడం, లేనివి వినిపిస్తున్నాయనడం, బిడ్డకు హాని చేస్తుందేమో అనిపించడం చాలా అరుదు. అది అత్యవసరం. దీన్నే జిన్ పట్టిందని, ఆసేబ్ అని దర్గాల చుట్టూ తిప్పుతూ రోజులు పోగొట్టకూడదు. తల్లిని, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇది ఈమాన్ తక్కువై వచ్చే జబ్బు కాదు. నమాజ్, దువా మనసుకు ఆసరా. డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాటికి అడ్డు కాదు.

మాట కూడా మందే

పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో డాక్టర్ ఆతిఫ్ రెహమాన్ బృందం ఒక ప్రయత్నం చేసింది. మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపింది. ఒక్కో తల్లి దగ్గర 16 సార్లు కూర్చుని మాట్లాడారు. బిడ్డ ఆరోగ్యం గురించి మాట మొదలుపెట్టి, ఇంట్లోవాళ్లను కూడా కలుపుకున్నారు. కాన్పైన ఆరు నెలలకు చూస్తే, ఈ సాయం అందినవాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. అందనివాళ్లలో 53 శాతం మందికి ఉంది. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కరదీపికగా తెచ్చింది. తర్వాత గోవాలో మామూలు ఇరుగుపొరుగు మహిళలతోనూ దీన్ని నడిపారు.

ఎవరిని అడగాలి?

మొదట ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్. పీహెచ్‌సీ డాక్టర్ చూసి అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. కొత్తగూడెంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి జనరల్ ఆసుపత్రికి వెళ్లేముందు మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుంటే దారి ఖర్చు వృథా కాదు. జబ్బు తీవ్రంగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ.

ఫోన్‌లో అయితే టెలి మానస్, నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో కొట్టడం, వేధించడం ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181. ప్రాణాపాయం ఉంటే 112.

కోయ భాష మాత్రమే వచ్చిన తల్లితో తెలుగు కూడా వచ్చిన ఆడమనిషి వెళ్లాలి. భర్తనో, పెద్ద పిల్లనో మధ్యలో పెడితే తల్లి అన్నీ చెప్పుకోలేదు.

డాక్టర్ మందులు రాస్తే పాలిస్తున్న సంగతి ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లులు వాడగలిగిన మందులు ఉన్నాయి. కాస్త తేలికపడగానే సొంతంగా మానేయకూడదు.

చట్టం ఏం ఇస్తోంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం పేదలకు ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో చికిత్స ఉచితం. బీపీఎల్ కార్డు లేకపోయినా ఈ హక్కు ఉంటుంది. కార్డు లేని వలస కుటుంబం గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. 21వ సెక్షన్ ప్రకారం, తల్లి ఆసుపత్రిలో చేరితే మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదు. తల్లి వల్లే బిడ్డకు హాని జరిగే ప్రమాదం ఉంటే మాత్రం కొన్నాళ్లు వేరుగా ఉంచొచ్చు. బిడ్డను లాక్కుంటారేమో అన్న భయంతో జబ్బు దాచుకోవాల్సిన పని లేదు. చనిపోవాలని ప్రయత్నించిన మనిషిని నేరస్తురాలిగా కాక, తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని 115వ సెక్షన్ చెబుతోంది.

పక్కింటివాళ్లు చేయగలిగింది

"అందరూ కనట్లేదా", "సబర్ చెయ్యమ్మా" అనడం సులువు. అంతకంటే ఒక పూట కూర ఇచ్చి, బిడ్డను గంటసేపు ఎత్తుకుని, తల్లిని నిద్రపోనివ్వడం మేలు. లేచాక పక్కన కూర్చుని, "ఎలా ఉందమ్మా?" అని అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినాలి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే బస్సెక్కేటప్పుడు తోడు ఉండాలి. పుట్టిల్లు దూరమైన తల్లికి ఆ తోడు ఇరుగుపొరుగు నుంచే రావాలి.