దున్నదూడ లెక్క

ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్నాడట వెనకటికొకడు. ఈ సామెతను ఎదుటివాళ్ళ మీద వాడటమంటే హేతువాదులకు మహా సరదా. ఈసారి మన మీద మనమే వాడుకుందాం. గోవు గురించి ఇన్నేళ్ళు వాదించాం గానీ, దూడల లెక్క మనమూ ఎన్నడూ అడగలేదు.

గోరా గారు 1972 ఆగస్టు 15న విజయవాడలో ఆవు మాంసం, పంది మాంసం వడ్డించి జరిపిన సభ మన ఉద్యమంలో అందరికీ తెలిసిందే. 2001లో డి.ఎన్. ఝా పుస్తకం వచ్చాక వేదకాలంలో ఎవరేం తిన్నారన్న దాని మీద బోలెడు కాగితం ఖర్చు చేశాం. అవన్నీ అవసరమైన వాదనలే, కాదనను. కానీ అన్నీ కంచం దగ్గర మొదలై కంచం దగ్గరే ముగిశాయి. పశువు కంచంలోకి రాకముందు దాన్ని ఎవరు పెంచారు? ఎవరు పెంచకుండా వదిలేశారు?

ఉద్యోగరీత్యా నేను ఫరీదాబాద్‌లో పదకొండేళ్ళున్నాను. పాల కోసం బల్లభ్‌గఢ్ వైపున్న ఒక ఊరికి వెళ్ళేవాణ్ణి. మొదటి రోజుల్లోనే ఒక పాకలో గేదె ముందు ఒక దూడ నిలబడి ఉంది. ఎంతసేపటికీ కదలదు, రెప్ప వేయదు. దగ్గరకెళ్ళి చూస్తే చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి కుట్టిన బొమ్మ. గేదె దాన్ని నాకుతోంది, చేపుతోంది. మనిషి పిండుకుంటున్నాడు. మన పల్లెల్లోనూ ఈ పద్ధతి ఉండేదని నాకు తెలుసు, కానీ కళ్ళతో చూడటం అదే మొదలు. "దూడ ఏమైంది?" అన్నాను. "కట్‌డా," అన్నాడు అతను. అంటే మగదూడ. ఆ ఒక్క మాటే జవాబు అన్నట్టు ఊరుకున్నాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గేదె జాతి పశువులు 10.98 కోట్లు. అందులో ఆడవి 10 కోట్ల పైచిలుకు. మగవి కోటి కూడా లేవు, సుమారు 93 లక్షలు. ప్రకృతి ఆడా మగా సమానంగానే పుట్టిస్తుంది కదా, మరి మిగతావి ఏమైనట్టు? కొన్ని కబేళాకు వెళ్ళాయి, అది నిజమే. కానీ అంతకు ముందే, పుట్టిన కొద్ది వారాల్లో, పాలు దక్కక, పారుడు పట్టి చచ్చేవి చాలా ఉంటాయని పాడి ఉన్న ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఇది ఎప్పటినుంచో ఉన్న ధర్మమేమీ కాదు. ఇదే హర్యానాలోని హిస్సార్‌లో 1809లో ఈస్టిండియా కంపెనీ పశుక్షేత్రం పెట్టింది. మొదట ఒంటెల కోసం, ఆ తర్వాత ఫిరంగులు లాగే ఎద్దుల కోసం. అప్పుడు కోడెదూడ అంటే సర్కారు ఆస్తి. రైతుకైతే నాగలి, బండి, మోట అన్నీ అదే. మగదూడ పుడితే ఇంట్లో పండగే. 1960లలో ఎస్కార్ట్స్ కంపెనీ ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత కృత్రిమ గర్భధారణ ఊరూరా వచ్చింది, వందల పశువులకు ఒక్క ఆబోతు చాలింది. అలా ఒక తరం తిరిగేసరికి మగదూడకు పని లేకుండా పోయింది. నేను కూడా ట్రాక్టరు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలోనే పనిచేశాను కాబట్టి, ఆ దూడ నోటి దగ్గర పాలు లాగేసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

పాల ఖర్చు కూడా కలుపుకోండి. ముప్ఫై కిలోల దూడ రోజుకు తన బరువులో పదో వంతు, అంటే మూడు లీటర్లు తాగుతుంది. రెండు నెలలకు 180 లీటర్లు. లీటరు 60 రూపాయలనుకున్నా 10,800. రైతు రాక్షసుడు కాదు, అతనికీ లెక్కలొచ్చు.

దీనికి తోడు మూఢనమ్మకం. ఈనిన గేదెకు మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదని అక్కడా అంటారు, మన దగ్గరా అంటారు. నిజానికి దూడ కుడిస్తే గర్భసంచి బిగుసుకుని మాయ పడటానికి సాయమే అవుతుంది. పైగా ఆవు, గేదెల మాయ గుండా తల్లి రోగనిరోధక శక్తి దూడకు చేరదు. అదంతా ముర్రుపాలలోనే రావాలి. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో తాగితేనే పేగు దాన్ని పూర్తిగా పీల్చుకుంటుంది, ఒక రోజు దాటితే తలుపు మూసుకున్నట్టే. ఆ తలుపు మూసుకునే వేళకు మనం జున్ను వండుకుని, బెల్లం వేసి, ఇరుగుపొరుగుకు పంచుతుంటాం!

గాంధీ గారు ఈ విషయంలో మనకంటే ముందే లెక్క అడిగారు. కలకత్తా వైపు పశువుల్ని చేపించడానికి మాయాంగంలోకి గాలి ఊదే 'ఫూకా' గురించి తెలిశాక ఆయన ఆవు, గేదె పాలు తాగనని వ్రతం పట్టారు. తర్వాత జబ్బు పడి, కస్తూర్బా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. 1919 ఏప్రిల్‌లో ఆయన్ని అరెస్టు చేసిన పల్వల్ స్టేషన్ ఫరీదాబాద్‌కు కూతవేటు దూరమే. ఆయన మతంతో మనకు పేచీ ఉండొచ్చు, కానీ పాల వెనకున్న హింసను చూసిన చూపుతో పేచీ లేదు.

మరి చట్టం ఏం చేసింది? 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవుల వధతో పాటు ఆవు దూడల, గేదె దూడల వధనూ పూర్తిగా నిషేధించడం సబబేనంది. హర్యానా 2015 చట్టం గోవధకు మూడు నుంచి పదేళ్ళ కఠిన శిక్ష పెట్టింది. గేదె జాతి అందులో లేదు. ఇక పశువును ఆకలితో మాడ్చితే? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మొదటి తప్పుకు వేసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చంపితే పదేళ్ళు, మాడ్చితే పది రూపాయలు. దీన్నే అహింస అంటున్నాం.

ఆ ఊళ్ళోనే ఇంకో పెద్దాయన ఉండేవాడు. అందరూ తావూ అనేవాళ్ళు, అంటే పెదనాన్న. నన్ను మాత్రం చివరిదాకా "మద్రాసీ బేటా" అనే పిలిచాడు. డెయిరీల వాళ్ళు వదిలేసే దున్నదూడల్ని నాలుగైదు తెచ్చి, సీసాతో పాలు పట్టి, రెండేళ్ళు మేపి మాంసపు వ్యాపారులకు అమ్మేవాడు. దూడ తల పైకెత్తి తిత్తిని చప్పరిస్తే లోపల ఒక గాడి మూసుకుని పాలు నేరుగా నాలుగో పొట్టలోకి వెళ్తాయి. గొట్టంతో గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ఈ శాస్త్రం తావూకు తెలియదు, ఫలితం మాత్రం తెలుసు. "తొందరపడితే దూడ దక్కదు" అనేవాడు. పొద్దున్నే పాలపొడి కలిపి, మోచేతి మీద రెండు చుక్కలు వేసుకుని వేడి చూసుకునేవాడు.

కోతకు అమ్మడానికే పెంచేవాడు. అయినా నేను చూసిన మేరకు ఆ ఊళ్ళో దున్నదూడ రెండేళ్ళు కడుపు నిండా తిని బతికింది ఆయన పాకలోనే. ప్రభుత్వం కూడా పదకొండో ప్రణాళిక కాలంలో (2007–12) దున్నదూడల్ని కాపాడి మాంసానికి పెంచే పథకం తెచ్చింది. అంటే దారి తెలియక కాదు. మన నెల్లూరు పేరు పెట్టుకున్న నెలోర్ పశువులే బ్రెజిల్ మాంసపు మందల్లో ఎక్కువ. అక్కడ మగదూడ నెలల తరబడి తల్లి దగ్గర పాలు తాగుతుంది, ఎందుకంటే దానికి విలువుంది.

తర్వాత 2017 వచ్చింది. మే నెలలో సంతల్లో కోతకు పశువుల్ని అమ్మకూడదని కేంద్రం నిబంధనలు తెచ్చింది. గేదెల్నీ అందులో కలిపింది. వాటి అమలు కోర్టుల్లో ఆగిపోయింది గానీ భయం ఆగలేదు. అక్టోబరులో ఫరీదాబాద్‌లోనే గోమాంసం తీసుకెళ్తున్నారని ఒక ఆటో డ్రైవర్నీ, అతనితో ఉన్నవాళ్ళనీ కొట్టారు. పరీక్షిస్తే అది గేదె మాంసం. 2024 ఆగస్టులో అదే జిల్లాలో కారులో వెళ్తున్న పన్నెండో తరగతి కుర్రాణ్ణి పశువుల దొంగరవాణాదారుడనుకుని వెంటాడి కాల్చి చంపారని పోలీసులు చెప్పారు. ఆ కారులో పశువే లేదు.

తావూ దగ్గరకు వచ్చే వ్యాపారి 2017 తర్వాత రావడం మానేశాడు. గేదె పెంపకం చట్టబద్ధమే అని నేను వివరించబోయాను. "దారిలో ఆపేవాడు చట్టం చదివాకే కొడతాడా బేటా?" అన్నాడు. ఆ ఏడాదే దూడల్ని తేవడం ఆపేశాడు. ఆ దూడలు బతికిపోయాయని ఎవరైనా అనుకుంటే, పైన చెప్పిన లెక్క మళ్ళీ ఒకసారి చదవండి.

మాంసం తినడం నైతికమా కాదా అన్న చర్చ నేను ఇక్కడ తేల్చడం లేదు. శాకాహారి మిత్రులకైనా, మాంసాహారి మిత్రులకైనా నా ప్రశ్న ఒక్కటే. మనం తాగే పాల కోసం పుట్టిన మగదూడకు పాలెవరు పట్టాలి? పూజించేవాళ్ళు పట్టడం లేదు. వాళ్ళను విమర్శించే మనమూ, ఇన్నాళ్ళూ, ఆ మాటే ఎత్తలేదు.