వేలెడంత లేని సందు

రెండు వందల ఏళ్ల కిందటి ఐరోపా పల్లెల్లో తేనె కావాలంటే ఈగలను చంపాల్సిందే. గడ్డిని మోకులా పేని, చుట్టలు చుట్టి అల్లిన బుట్టను బోర్లించి, అందులో తేనెటీగలను పెంచేవాళ్లు. వేసవంతా కష్టపడి అవి బుట్ట నింపేవి. చలి మొదలయ్యే ముందు రైతు చిన్న గొయ్యి తీసి, అందులో గంధకం వెలిగించి, బుట్టను దాని మీద పెట్టేవాడు. కాసేపటికి ఝుంకారం ఆగిపోయేది. చచ్చిన ఈగలను దులిపేసి, పట్టు కోసి తేనె పిండేవాడు. బాగా తేలికగా ఉన్న బుట్టలు ఎలాగూ చలికి తట్టుకోవని గంధకం పాలయ్యేవి. బాగా బరువెక్కినవి తేనె కోసం పోయేవి. మధ్యరకం బుట్టలే మరుసటి ఏటికి మిగిలేవి. అంటే అందరికన్నా ఎక్కువ కష్టపడ్డ ఈగల వంశమే ముందు అంతరించేది.

రైతులు క్రూరులై చేసిన పని కాదిది. వాళ్లకు వేరే దారి తెలియదు. ఈగలు మైనంతో కట్టిన పట్టును బుట్ట గోడలకు, పైకప్పుకు గట్టిగా అతికించేస్తాయి. ఒక పట్టును పైకి తీయాలంటే కోయాలి. కోస్తే తేనె కారుతుంది, పిల్లపురుగులు నలుగుతాయి, ఈగలు మీద పడతాయి. లోపల రాణి బతికి ఉందో లేదో, జబ్బు ఏదైనా పట్టిందో, తేనె ఎంత ఉందో తెలుసుకునే వీలు లేదు. వేల ఏళ్లుగా మనిషి తేనె తింటూ వచ్చాడు గానీ, గూటిని పాడుచేయకుండా తెరిచి చూడడం ఎలాగో మాత్రం అతనికి అంతుచిక్కలేదు.

ఆ గూటి లోపలి బతుకును ఎంతో శ్రద్ధగా గమనించిన ఒకడికి చూపే లేదు. ఫ్రాన్స్వా హ్యూబర్ 1750లో జెనీవాలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో చూపు తగ్గడం మొదలై, చివరికి పూర్తిగా పోయింది. అతన్ని ప్రేమించిన మేరీ లులిన్‌ను గుడ్డివాడికిచ్చి చేయనని ఆమె తండ్రి పట్టుబట్టాడు. ఆమె చట్టం ఒప్పుకునే వయసు వచ్చేదాకా ఆగి, హ్యూబర్‌నే పెళ్లి చేసుకుంది. ఆ ఇంట్లో ఫ్రాన్స్వా బర్నెన్స్ అనే పనివాడు ఉండేవాడు. పెద్దగా చదువుకోని పల్లె యువకుడు. హ్యూబర్ ప్రశ్న వేస్తాడు, బర్నెన్స్ వెళ్లి చూసి వచ్చి చెబుతాడు. చెప్పినదాన్ని హ్యూబర్ అటూ ఇటూ తిప్పి మళ్లీ అడుగుతాడు, బర్నెన్స్ మళ్లీ వెళ్లి చూస్తాడు. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి అలా గడిపారు.

ఈ కథలో నా మనసుకు అందరికన్నా దగ్గరైన మనిషి బర్నెన్స్. రాణి మాత్రమే కాక కూలి ఈగలు కూడా ఎప్పుడైనా గుడ్లు పెడతాయా అని ఒకసారి సందేహం వచ్చింది. తేల్చాలంటే రెండు గూళ్లలోని ఈగలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టి చూడాలి. యజమాని అడగడానికి జంకాడు. పనివాడే పూనుకున్నాడు. కుట్లను లెక్కచేయకుండా, విశ్రాంతి దాదాపుగా లేకుండా, పదకొండు రోజులు వేల ఈగలను వేళ్లతో పట్టి పరీక్షించాడు. గుడ్లు పెట్టే కూలి ఈగలు దొరికాయి.

అంతకన్నా పెద్ద చిక్కు రాణి గర్భం ధరించే సంగతి. గూటిలో రాణి, పోతుటీగలు కలవడం ఎవరూ చూడలేదు. పోతుల వాసన సోకితేనే చాలునని కొందరు పండితులు ఊహించారు. హ్యూబర్ రాణులను పోతులతో కలిపి గూటిలోనే బంధించి చూశాడు. అవి గొడ్డుపోయాయి. 1788లో ఇద్దరూ గూటి ముందు కాపు కాశారు. కన్నె రాణి బయటికి వచ్చి, చుట్టూ ఎగిరి గుర్తులు చూసుకుని, ఆకాశంలోకి లేచిపోయింది. తిరిగి వచ్చినప్పుడు దాని ఒంటి మీద పోతుతో కలిసిన ఆనవాలు ఉంది. రెండు రోజులకు గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. వాళ్ల పరిశీలనలు 1792లో పుస్తకంగా వచ్చాయి.

ఆ పరిశీలనల కోసం హ్యూబర్ ఒక కొత్త గూడు చేయించాడు. చట్రాలకు ఒక పక్క బందులు వేసి, పుస్తకంలో పేజీల్లా తెరిచి చూసేలా అమర్చాడు. ఈగలను చంపకుండా గూటి లోపలికి చూసే దారి దొరికింది. కానీ మూసేటప్పుడు చట్రాల మధ్య ఈగలు నలిగేవి. పరిశోధకుడి ఓపికకు పనికొచ్చింది గానీ పొలంలో రైతుకు అక్కరకు రాలేదు.

హ్యూబర్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1793లో, బెర్లిన్ దగ్గర స్పాండావులో బడి నడిపే క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ మరో పుస్తకం అచ్చువేశాడు. పువ్వుల రంగు, వాసన, మకరందం అన్నీ ఈగలను పిలవడానికేనని, ఈగ మకరందం తాగిపోతూ పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు మోస్తుందని అందులో రాశాడు. పువ్వుల ధ్యాసలో బడిపని వదిలేశాడని అతని ఉద్యోగం పోయింది. ఆ పుస్తకాన్ని లోకం పట్టించుకోలేదు. స్ప్రెంగెల్ 1816లో పేదవాడిగానే చనిపోయాడు. పాతికేళ్ల తరువాత ఆ పుస్తకం చార్లెస్ డార్విన్ చేతికి వచ్చింది. స్ప్రెంగెల్ చెప్పిందానికి డార్విన్ ఎంతో విలువ ఇచ్చి, పరపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలు ఎంత బలంగా ఉంటాయో ఏళ్ల తరబడి పెంచి చూసి 1876లో ప్రకటించాడు. తేనెటీగ మనిషికి చేసే అసలు మేలు తేనె కాదని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

ఇక గూడు సంగతి. సైలీషియాలో యాన్ జెర్జోన్ అనే క్రైస్తవ గురువు గూటి పైభాగాన పట్టీలు అమర్చి, ఒక్కో పట్టీకి ఒక్కో పట్టు వేలాడేలా చేశాడు. అది పెద్ద ముందడుగు. అయితే పట్టు పక్క గోడలకు అతుక్కోవడం ఆగలేదు. కత్తి అవసరం తప్పలేదు.

చివరి ముడి విప్పినవాడు అట్లాంటిక్ అవతల ఉన్నాడు. లొరెంజో లాంగ్‌స్ట్రాత్ 1810లో ఫిలడెల్ఫియాలో పుట్టి, యేల్‌లో చదివి, చర్చిలో బోధకుడయ్యాడు. 1838లో ఒక మిత్రుడి ఇంటికి వెళ్లినప్పుడు బల్ల మీద గాజుపాత్రలో మెరుస్తున్న తేనెపట్టు కనిపించింది. మిత్రుడు పైకి తీసుకెళ్లి తన ఈగలను చూపించాడు. ఆ సాయంత్రం లాంగ్‌స్ట్రాత్ ఇంటికి రెండు ఈగల గూళ్లతో తిరిగివచ్చాడు. ఆ బల్ల మీద గాజుపాత్ర లేకపోతే ఈ కథ ఎటు పోయేదో!

ఆయనకు ఒక తీరని బాధ ఉండేది. ఉన్నట్టుండి మనసు చీకటి కమ్మేది. నెలల తరబడి ఏ పనీ చేయలేకపోయేవాడు. అలాంటి రోజుల్లో ప్రాణప్రదమైన తేనెటీగల ఊసు కూడా సహించలేకపోయేవాడు. చర్చి పని నిలవలేదు. ఆడపిల్లల బడి నడిపాడు. మనసు తేరుకున్నప్పుడల్లా ఆరుబయట ఈగల దగ్గరే ఉపశమనం దొరికేది. హ్యూబర్ పుస్తకం చదివి, ఆ గూడు చేయించి చూశాడు. మెల్లగా, నొప్పించకుండా తాకితే ఈగలు కుట్టవన్న ధైర్యం దాని వల్లే వచ్చింది. తరువాత పట్టీల గూళ్లు పట్టుకున్నాడు. పట్టు తీసిన ప్రతిసారీ గోడల అతుకు కోయడం, కోసిన చోట ఈగలు మళ్లీ అతకడం. ఏళ్లు గడిచాయి.

గూటి మూత తీయడమూ కష్టంగానే ఉండేది. ఈగలు చెట్ల నుంచి తెచ్చిన జిగురుతో మూతను పట్టీలకు అంటించేసేవి. మూత తేలిగ్గా రావాలని ఆయన పట్టీలను కాస్త కిందికి దించి, మూతకూ వాటికీ మధ్య అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల ఖాళీ ఉంచాడు. చిత్రంగా, ఆ ఖాళీని ఈగలు ముట్టుకోలేదు. జిగురు పూయలేదు, మైనం కట్టలేదు. సందు మరీ ఇరుకైతే జిగురుతో పూడ్చేస్తాయి. వెడల్పైతే అడ్డంగా పట్టు కట్టేస్తాయి. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందును మాత్రం తమ నడకదారిగా ఖాళీగా వదిలేస్తాయి. ఈ ఖాళీ చాలాకాలం ఆయన కళ్లముందే ఉంది, మూత కింద.

1851 అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఈగల దగ్గర నుంచి ఇంటికి నడిచివస్తూ, గోడల అతుకు గురించే ఆలోచిస్తున్నాడు. మూత కింద ఉన్న సందునే పక్కలకూ, అడుగుకూ ఎందుకు ఇవ్వకూడదని ఆ క్షణంలో తట్టింది. పట్టు చుట్టూ నాలుగు కర్రలతో చట్రం కట్టి, ఆ చట్రం పెట్టె గోడకు ఎక్కడా తగలకుండా వేలాడదీస్తే, చుట్టూ నడకదారి ఉంటుంది కనుక ఈగలు దాన్ని అతకవు. ఏ చట్రాన్నైనా చేత్తో పైకెత్తి చూసి మళ్లీ పెట్టేయవచ్చు. నడివీధిలో ఆర్కిమెడిస్ మాదిరి కేక పెట్టకుండా ఆపుకోవడం కష్టమైందని ఆయనే తరువాత రాసుకున్నాడు.

హెన్రీ బోర్కిన్ అనే వడ్రంగి ఆ పెట్టెలు చేసిపెట్టాడు. 1852 అక్టోబరు 5న పేటెంటు వచ్చింది. మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. దాని శుద్ధప్రతి రాయడంలో భార్య ఆన్ శ్రమ ఉంది. జెర్జోన్ పుస్తకాన్ని ఇంగ్లిషులోకి తేవాలని సిద్ధమైన శామ్యూల్ వాగ్నర్ లాంగ్‌స్ట్రాత్ పెట్టెను చూసి, తన పని పక్కనపెట్టి ఇతనికి అండగా నిలిచాడు. అలాంటి మంచి మనుషులు కొందరే. చాలామంది పేటెంటును ఖాతరు చేయకుండా పెట్టెలు చేసి అమ్ముకున్నారు. కోర్టుల చుట్టూ తిరిగే డబ్బూ, ఆరోగ్యమూ ఆయనకు లేవు. ఆ పెట్టె ఎందరికో బతుకుదెరువైంది గానీ దాన్ని కనిపెట్టినవాడికి ఏమీ మిగల్చలేదు. 1895 అక్టోబరు 6న డేటన్ నగరంలో, చర్చిలో బోధిస్తూనే ఆయన కన్నుమూశాడు.

ఒక చిక్కు విడిపోయాక తక్కినవి చకచకా విడిపోయాయి. 1857లో జర్మనీలో యోహానెస్ మేరింగ్ అనే వడ్రంగి మైనపు రేకు మీద ఆరు పలకల అచ్చు వేశాడు. దాన్ని చట్రంలో పెడితే ఈగలు దాని మీదే వరసగా గదులు కడతాయి. 1865లో ఫ్రాంజ్ హ్రుష్కా అనే ఆస్ట్రియా సైన్యపు మాజీ అధికారి తేనె తీసే యంత్రాన్ని చూపించాడు. పిల్లవాడు తేనెపట్టు ముక్క ఉన్న పాత్రను గిరగిరా తిప్పితే తేనె బయటికి వచ్చిందని, అది చూసే ఆయనకు ఈ ఆలోచన పుట్టిందని ఒక కథ చెబుతారు. చట్రాలను డ్రమ్ములో పెట్టి తిప్పితే తేనె చిమ్ముకుని వస్తుంది, పట్టు చెక్కుచెదరదు. ఖాళీ పట్టును తిరిగి పెట్టెలో పెట్టేయవచ్చు. మైనం తయారుచేయడానికి ఈగలు ఎంతో తేనె ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చు తప్పింది కాబట్టి దిగుబడి పెరిగింది. చంపడం మాట అటుంచి, కట్టిన ఇల్లు కూల్చే అవసరమే లేకపోయింది.

మన దేశానికి లాంగ్‌స్ట్రాత్ పెట్టె నేరుగా సరిపడలేదు. మన చెట్టు తొర్రల్లో, పుట్టల్లో గూడు కట్టే పుట్టతేనె ఈగ ఐరోపా ఈగ కన్నా చిన్నది, దాని కుటుంబమూ చిన్నది. 1910ల్లో తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే జెసూట్ గురువు మన ఈగ కొలతలకు తగ్గట్టు చిన్న పెట్టె తయారుచేసి, చుట్టుపక్కల పల్లెవాళ్లకు నేర్పాడు. దక్షిణాదిలో పెట్టెల్లో ఈగలను పెంచడం దానితోనే ఊపందుకుంది. ఐరోపా ఈగను ఇక్కడ నిలపాలని బ్రిటిష్ వాళ్లు చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. 1960ల్లో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హిమాలయాల దిగువన నగ్రోటా బగ్వాన్‌లో దాన్ని నిలపగలిగారు. 1990ల మొదట్లో థాయ్ సంచి జబ్బు దక్షిణాదిలోని పుట్టతేనె ఈగల గూళ్లను చాలావరకు ఊడ్చేసింది. పెట్టెలున్న రైతులెందరో ఆ దెబ్బకు ఈ పని మానుకున్నారు.

లాంగ్‌స్ట్రాత్ తేనె కోసం చేసిన పెట్టె వల్ల స్ప్రెంగెల్ కనిపెట్టిన సత్యం రైతు చేతికి వచ్చింది. పెట్టెను బండెక్కించి పంట దగ్గరికి తీసుకెళ్లవచ్చు. బుట్టల కాలంలో అది ఇంత తేలిక కాదు. కాలిఫోర్నియాలో బాదం తోటలు పూతకు వచ్చే ఫిబ్రవరిలో పదిహేను లక్షలకు పైగా పెట్టెలు లారీల మీద అక్కడికి చేరతాయి. ప్రపంచంలోని 115 ముఖ్య ఆహార పంటల్లో 87 పంటలకు పుప్పొడి మోసే జీవుల సాయం ఎంతో కొంత కావాలని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అంత దూరం ఎందుకు, రాయలసీమలో పొద్దుతిరుగుడు వేసిన రైతును అడగండి. దాని పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఈగ రాకపోతే పువ్వు నడుమ గింజలన్నీ తాలు. అందుకే పూత మీద ఉన్నప్పుడు పొద్దున్నే అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఒక పువ్వు తరువాత మరో పువ్వును రుద్దమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కూలీలు పొద్దంతా వంగి చేసే ఆ పనిని ఎకరానికి రెండు తేనె పెట్టెలు చేసిపెడతాయి. నువ్వులు, ధనియాలు, దోస, గుమ్మడి, ఉల్లి విత్తనం, మామిడి, వీటన్నిటికీ ఈగల రాక మేలు చేస్తుంది. తేనె, మైనం అమ్ముకున్న డబ్బు పైకి కనిపిస్తుంది; గింజ నిండిన లాభం మాత్రం మనం చిట్టాలో రాసుకోం.

పెట్టెలు పెట్టడానికి ఇంకా సిద్ధంగా లేని రైతు కూడా ఇప్పటికిప్పుడు చేయగలిగినది ఒకటుంది. పూత సమయంలో వీలైనంత వరకు పురుగుమందు కొట్టకండి. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరిన తరువాత, పొద్దుగూకాక కొట్టండి. పక్క చేలో ఎవరైనా పెట్టెలు పెట్టుకుని ఉంటే ముందు రోజే ఒక మాట చెప్పండి, వాళ్లు ఆ పెట్టెలను మూసుకుంటారు.