స్వార్థవాదానికి నవల ఎంతవరకు సాక్ష్యం?

అయన్ రాండ్ నవలల్ని మెచ్చుకునేవారు తరచు ఒక ఆధారం చూపిస్తారు. 1998లో మోడరన్ లైబ్రరీ ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లిషు నవలల్లో మేటివి ఏవో చెప్పమని పాఠకుల ఓటు కోరితే 'అట్లాస్ ష్రగ్డ్', 'ది ఫౌంటెన్‌హెడ్' మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. అదే సంస్థ సంపాదకవర్గం ఎంచిన వంద నవలల్లో రాండ్‌ది ఒక్కటీ లేదు. పాఠకుల జాబితాలో మూడో స్థానం సైంటాలజీ స్థాపకుడు రాన్ హబ్బర్డ్ నవలకు దక్కింది. మొదటి పదిలో ఏడు పుస్తకాలు వీళ్లిద్దరివే. ఇష్టమున్నవారు ముందుకొచ్చి వేసిన ఓట్లివి. అభిమానుల పట్టుదల ఎంతటిదో వీటినుంచి తెలుస్తుంది కానీ, ఆ నవలల్లోని తత్వం నిలుస్తుందో లేదో తేలదు. అది తేలాలంటే కథల్లోకే వెళ్లాలి.

రాండ్ 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత ఆమె తండ్రి మందుల దుకాణాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1926లో ఆమె అమెరికా చేరింది. మనిషికి తన బతుకు, తన సంతోషమే పరమ లక్ష్యం కావాలనీ, ఎవరూ ఎవరికోసమూ బలి కాకూడదనీ ఆమె వాదన. దీన్ని హేతుబద్ధ స్వార్థం అంటారు.

ఈ మాట రష్యన్ నవలకు కొత్త కాదు. 1863లో అదే నగరంలో, పీటర్–పాల్ కోట జైలులో ఉండి చెర్నిషేవ్‌స్కీ 'ఏం చేయాలి?' రాశాడు. అందులో ఇష్టంలేని పెళ్లి తప్పించుకోలేకపోతున్న వేరాను లొపుఖోవ్ తాను పెళ్లాడి బయటపడేస్తాడు. ఆమె మనసు తన మిత్రుడి మీదికి మళ్లినప్పుడు ఆత్మహత్య చేసుకున్నట్టు నమ్మించి అడ్డు తొలగుతాడు. ఇదంతా తన లాభం కోసమే చేశానంటాడు. వేరా నడిపే కుట్టుపని కేంద్రంలో లాభాలు పనిచేసేవాళ్లందరికీ పంచుతారు. చెర్నిషేవ్‌స్కీ హేతుబద్ధ స్వార్థం సోషలిజం దగ్గర తేలింది. లెనిన్ తన 1902 నాటి పుస్తకానికి ఈ నవల పేరే పెట్టుకున్నాడు. రాండ్ హేతుబద్ధ స్వార్థమేమో అడ్డూ ఆపూ లేని పెట్టుబడిదారీ విధానం దగ్గర తేలింది.

పరమ లక్ష్యం గురించి ఇద్దరి వివరణా ఒకటి కాదు, నిజమే. అయినా 'నీ హితం నువ్వు తెలివిగా చూసుకో' అన్న సూత్రం రెండు నవలల్లో ఇంత ఎదురెదురు దారులు పట్టిందంటే, ఏ దారిలో పోవాలో ఆ సూత్రమొక్కటే నిర్ణయించడం లేదనుకోవాలి. నిర్ణయిస్తున్నది రచయిత అని నా అంచనా. 'ది ఫౌంటెన్‌హెడ్' (1943)లో ఆర్కిటెక్ట్ రోర్క్ తన నమూనాను మార్చారని పేదల కోసం కడుతున్న ఇళ్లను పేల్చేస్తాడు. జ్యూరీ నిర్దోషి అంటుంది. ఆ తీర్పు రాసింది రాండ్.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకోటుంది. రాండ్ తొలి నవల 'వియ్ ది లివింగ్' (1936)లో కీరా, క్షయ సోకిన లియో చికిత్సకు డబ్బు కోసం ఆంద్రేకి ప్రియురాలవుతుంది. లియో తనకు అత్యంత విలువైనవాడు కాబట్టి ఇది త్యాగం కాదని రాండ్ తత్వం ప్రకారం చెప్పవచ్చు. లొపుఖోవ్ చెప్పిందీ దాదాపు ఇదే. ప్రేమించినవాళ్ల కోసం పడే కష్టమంతా స్వార్థం ఖాతాలోకే వెళితే, పరహితం కోరేవాడితో స్వార్థవాదికి ఆచరణలో తేడా ఎక్కడో చూపడం కష్టమవుతుంది. అయినా నాకు రాండ్ నవలల్లో ఈ తొలి నవలే అన్నిటికన్నా నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఇందులో సంఘటనలు సిద్ధాంతానికి లొంగవు. బతికి బయటపడిన లియో దిగజారిపోతాడు. కీరా సరిహద్దు దాటబోతూ తుపాకీ గుండుకు బలవుతుంది.

స్వార్థవాద నవలకు బలమే లేదనను. 'ది ఫౌంటెన్‌హెడ్'లోని పీటర్ కీటింగ్‌ను చూడండి. చిత్రకారుడు కావాలనుకున్నవాడు తల్లి కోరిక మీద ఆర్కిటెక్ట్ అవుతాడు. ప్రేమించిన కేథరిన్‌ను వదిలి, హోదా తెచ్చే డొమినిక్‌ను చేసుకుంటాడు. ఎన్నో ఏళ్లకు మళ్లీ కుంచె పట్టి ఆ బొమ్మలు రోర్క్‌కు చూపిస్తే, ఆలస్యమైపోయిందని తెలుస్తుంది. లోకం మెప్పు కోసం బతకడం మనిషినెలా గుల్ల చేస్తుందో ఇంత స్పష్టంగా చూపిన పాత్రలు అరుదు. కానీ ఇది కీటింగ్ బతుకు తప్పని చూపుతుందే తప్ప, దానికి విరుగుడు రోర్కేనని చూపదు.

తత్వవేత్తల్లో రాబర్ట్ నోజిక్ 1971లోనే ఇలాంటి ఖాళీని పట్టుకున్నాడు. బతికి ఉంటేనే విలువలు సాధ్యమన్నంత మాత్రాన, ఎవరి బతుకు వారికి పరమ విలువ అవుతుందని తేలదన్నాడు. అతనూ స్వేచ్ఛా మార్కెట్ పక్షమే కాబట్టి దీన్ని రాజకీయ ద్వేషమని తోసిపుచ్చలేం. ఇటు టారా స్మిత్ 2006 నాటి గ్రంథంలో రాండ్ స్వార్థం నిజాయితీ, న్యాయం వంటి గుణాలతో ముడిపడిందని సమర్థించింది. మోసగాడు తన హితాన్నే చెరుపుకుంటాడన్న ఆమె వాదన బలమైనది.

ఆ వాదన సమవుజ్జీల మధ్య బేరాలకు బాగా అతుకుతుంది. తిరిగి ఏమీ ఇవ్వలేని పసివాళ్లు, మంచం పట్టిన వృద్ధుల విషయంలో అతుకుతుందా? 'అట్లాస్ ష్రగ్డ్' (1957) వెయ్యి పేజీలు దాటిన నవల. అందులో లోకాన్ని వదిలొచ్చిన ప్రతిభావంతులు ఉండే గాల్ట్ లోయలో ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటున్న ఒక తల్లి కాసేపు కనిపిస్తుంది. ఆ పెంపకాన్ని ఆమె ఎంచుకున్న వృత్తిగానే రాండ్ చూపింది. ఆ వృత్తి ఎంచుకోని తల్లికి పుట్టిన బిడ్డ ఆ లోయలో లేదు.