హైదరాబాదు దేవిడీలు – జాగీరుదారుల తరగతులు

దేవిడీ యనగా వట్టి భవనము కాదు. కావలివారు, గుమాస్తాలు, గుఱ్ఱపుసాలలు, జనానా – అన్నియు నొక్క ప్రాకారమున నిమిడిన చిన్న ఊరది. హైదరాబాదు పాతనగరమున దివాన్ దేవిడీ మున్నగు పేరులు నేటికిని నిలిచియున్నవి. ఈ దేవిడీలను పోషించిన ధనము మాత్రము దూరమందలి పల్లెలది. అసఫ్‌జాహీల రాజ్యమున నించుమించు మూడవవంతు భూమి జాగీరులక్రింద నుండెను.

ప్రభువర్గమున నగ్రస్థానము పాయిగావారిది. రెండవ నిజాము (1762–1803) కొలువున అబుల్ ఫతేఖాన్ తేగ్‌జంగు వలన నీ వంశము ప్రఖ్యాతి కెక్కెను. నిజాముయొక్క స్వంత అశ్వసైన్యమును పోషించుటకై వారికి జాగీరు లియ్యబడెను. పిసల్‌బండ యందలి వారి సమాధుల గచ్చుపనిని జూచినవారి కా వైభవము వేఱుగ చెప్పనక్కఱలేదు.

బిరుదములకును మెట్లు గలవు. జంగు, దౌలా, ముల్కు, ఉమ్రా, జాహ్ అను వరుసతో మహమ్మదీయ ప్రభువులు పైకెక్కుచుండిరి. హిందువులకు రాజా, రాజా బహద్దరు, మహారాజా మున్నగునవి. ఈ బిరుదముల మోజున స్వనామములు మఱుగుపడెను. మొదటి సాలార్‌జంగు పేరు మీర్ తురాబ్ అలీఖాను అని యెఱిగినవారు కొలదిమందియే.

ఖడ్గముతోపాటు కలమునకును బలముండెను. ఏ జాగీరు ఎవ్వరికి ఏ షరతున నియ్యబడెనో తెలుపు దఫ్తరులు రెండు వంశముల చేతిలో నుండెను: మాల్‌వాలాలు కాయస్థులు, రాయరాయాలు మహారాష్ట్ర బ్రాహ్మణులు. 1853లో దివానైన సాలార్‌జంగు వీరి పెత్తనమును చాలవఱకు తగ్గించెను.

ఇచట నొక ముఖ్యవిషయము. జాగీరు సాధారణముగ సొంత ఆస్తి కాదు. జాగీరుదారుడు మరణించినచో నది ప్రభువునకు చెందును. కొడుకు వారసత్వమును విచారణలో నెగ్గించుకొని, నజరానా చెల్లించి మరల పొందవలెను. కావుననే జాగీరు పల్లెలలోను, జాగీరుదారుడు చార్మినారు చెంతను నుండిరి. జపానున తొకుగావా ప్రభువులు 1635లో శాసనము చేసి దైమ్యోలను ఏడు విడిచి ఏడు ఎడోలో నుండునట్లు నిర్బంధించిరి. వారి భార్యాపుత్రులు అచటనే జామీనుగ నుండవలసియుండెను. హైదరాబాదున నట్టి శాసన మక్కఱలేకపోయెను. వారసత్వము చేజారునను భయమే ఆ పనిని నెఱవేర్చెను. నగరవాసమున వ్యయ మధికమై, పెక్కు జాగీరులు సాహుకారులకును అరబ్బు జమాదారులకును తాకట్టుపడెను.

ఆ ఋణభారము తుదకు రైతుమీదనే పడెను. దివానీ గ్రామములలో సర్వేయు బందోబస్తును జరిగిన పిదపను పెక్కు జాగీరు గ్రామములం దవి లేకుండెను. శిస్తుమీద చిల్లర పన్నులు, వానిపై వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగవాండ్రు కూలి లేక చేసిన చాకిరి ఏ దఫ్తరునను వ్రాయబడలేదు. దేశముఖుల గడీలు పల్లెలందే యుండుటచే నా వెట్టి యచట మఱింత కఠినమయ్యెను. 1946లో నారంభమైన తెలంగాణ రైతాంగ పోరాటమునకు నదియొక ప్రధాన కారణము.

1948 సెప్టెంబరున నిజాము పాలన ముగిసెను. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. 1871లో జపాను దైమ్యోల సంస్థానములు రద్దైనపుడు వారికి భత్యము లేర్పడినట్లే, ఇచట జాగీరుదారులకు పరిహారము నిర్ణయింపబడెను. వెట్టిచేసినవారి కందు భాగము లేదు. దేశముఖుల సొంత భూముల నా శాసనము తాకలేదు. అందలి కౌలుదారుల హక్కులకై 1950లో వేఱొక చట్టము చేయవలసివచ్చెను.