ఇటుకలు లెక్కపెట్టిన ఇమామ్



మొన్న ఈద్‌కు మా ఇంట్లో ఖాందాన్ అంతా చేరింది. ఖాలాజాన్ కొడుకు దుబాయ్ నుంచి వచ్చాడు. అక్కడ క్వాంటిటీ సర్వేయర్ నౌకరీ. "అంటే ఏం పని బేటా?" అని అమ్మీ అడిగింది. "కట్టిన పని కొలవాలి పెద్దమ్మీ. కొలతకు రేటు కట్టాలి. కాంట్రాక్టర్ పెట్టిన బిల్లు సరిగా ఉందో లేదో చూడాలి" అన్నాడు. "ఇటుకలు లెక్కపెట్టడానికి ఇంత చదువు కావాలా?" అని ఎవరో అనేసరికి అందరూ నవ్వారు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది.

"ఇమామె ఆజమ్ అబూ హనీఫా రహ్మతుల్లాహ్ అలైహ్ కూడా ఇటుకలు లెక్కపెట్టారు, తెలుసా?" అన్నాను. ఎవరూ నమ్మలేదు. ఆ ఖిస్సా మీకూ చెబుదామని ఈ మజ్మూన్.

అది హిజ్రీ 145, అంటే క్రీ.శ. 762. అబ్బాసీ ఖలీఫా అబూ జాఫర్ మన్సూర్ దజ్లా నది ఒడ్డున గుండ్రని నగరం కట్టించడం మొదలుపెట్టాడు. అదే బగ్దాద్. షామ్, మోసుల్, కూఫా, వాసిత్, బస్రాల నుంచి మేస్త్రీలను, కూలీలను రప్పించాడు. ఆ పని ఎలా సాగిందో తబరీ, ఖతీబె బగ్దాదీ తమ తారీఖుల్లో రాసిపెట్టారు. చదువుతుంటే రాజుల చరిత్రలా ఉండదు, సైట్ ఆఫీసులో ఫైలు తిరగేసినట్టుంటుంది.

మన్సూర్‌కు జనం పెట్టిన పేరు అబుద్దవానీఖ్. దానఖ్ అంటే దిర్హమ్‌లో ఆరో వంతు. చిల్లర పైసల దాకా హిసాబ్ అడిగే మనిషి అని భావం.

కట్టడం మొదలైన రోజుల్లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. దగ్గర్లోనే మదాయిన్‌లో కిస్రా పాదుషాల పాత మహల్ ఉంది. దాన్ని కూలగొట్టి ఆ ఇటుక తెచ్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది కదా అనుకున్నాడు. ఖాలిద్ బిన్ బర్మక్ వద్దన్నాడు. ఖలీఫా వినలేదు. కొంత భాగం కూల్చాక లెక్క తీయిస్తే, కూల్చే ఖర్చు, మోసే ఖర్చు కలిపి కొత్త ఇటుక చేయించే ఖర్చును మించిపోయింది. పని ఆపమన్నాడు. "ఇప్పుడు మాత్రం ఆపకండి హుజూర్, ముందువాళ్ళు కట్టినదాన్ని కూల్చడం కూడా చేతకాలేదని లోకం అంటుంది" అన్నాడు ఖాలిద్. అయినా ఖలీఫా ఆపేశాడు. పరువు కంటే లెక్కే గెలిచింది. ఈ రోజు పాత ఇల్లు పడగొట్టి ఆ సామాను వాడదామనుకునే ప్రతివాడూ ముందు వేయాల్సిన హిసాబ్ ఇదే.

ఇక ఇమామ్ సాహెబ్ సంగతి. అబూ హనీఫా కూఫాలో పట్టుబట్టల తాజిర్. బేరంలో అమానత్‌కు పేరుమోసిన మనిషి. ఆయన్ను ఖాజీగా వేయాలని మన్సూర్ పట్టుబట్టాడు. ఇమామ్ ఒప్పుకోలేదు. నువ్వు నా కొలువు చేసి తీరాలని ఖలీఫా కసమ్ వేశాడు. చేయనని ఇమామ్ కూడా కసమ్ వేశారు. తబరీలోని రివాయత్ ప్రకారం, ఖలీఫా తన కసమ్ తీర్చుకోవడానికి నగరం పనిలో ఇటుకలు చేయించడం, లెక్కించడం, కూలీలతో పని చేయించడం ఆయనకు అప్పగించాడు. ఖందకం వైపు ప్రాకారం పూర్తయ్యేదాకా ఆయన ఆ పని చూశారు.

అక్కడ ఆయన చేసింది చూడండి. ఇటుకలు వేలు కాదు, లక్షలు. ఒక్కొక్కటి లెక్కపెడితే రోజులు చాలవు. లెక్క తప్పితే ఇటుక చేసినవాడికైనా నష్టం, బైతుల్ మాల్‌కైనా నష్టం. ఇమామ్ ఒక రెల్లు గడ తీసుకుని ఇటుకల దొంతరలను దానితో కొలిచారు. ఇటుకలను గడతో కొలిచి లెక్కకట్టిన మొదటి మనిషి ఆయనే అని, జనం ఆయన దగ్గరే అది నేర్చుకున్నారని తబరీ రాశాడు. మన భాషలో చెప్పాలంటే, దొంతర పొడవుకు 40 ఇటుకలు, వెడల్పుకు 20, ఎత్తుకు 10 పడితే మొత్తం 8,000. మూడు కొలతలు, ఒక హెచ్చవేత, తగాదా ఖతమ్. అయితే ఇటుకలన్నీ ఒకే అచ్చులోవి కావాలి. బగ్దాద్ పెద్ద ఇటుకకు ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు అని కొలత ఖరారు చేశారు.

గోడ లెక్క కూడా ఇంతే పక్కాగా ఉంది. ఆ ప్రాకారం కట్టినవాళ్ళలో రబాహ్ అనే మేస్త్రీ చెప్పిన మాటను ఖతీబ్ నమోదు చేశాడు. అడుగున ఒక్కో వరుసకు 1,62,000 ఇటుకలు. గోడలో మూడో వంతు లేచాక వరుసకు 1,50,000. మూడింట రెండు వంతులు దాటాక పైదాకా 1,40,000. పైకి పోయేకొద్దీ గోడ మందం తగ్గింది కాబట్టి ఇటుక కూడా తగ్గింది. కింది వరుస లెక్కనే పైదాకా హెచ్చవేసి బిల్లు పెట్టినవాడు దొరికిపోతాడన్నమాట.

రేటు కట్టే పద్ధతి ఇంకా దిల్‌చస్ప్‌గా ఉంటుంది. మన్సూర్ ఒక మేస్త్రీని పిలిచి తన కళ్ళ ముందే ఒక కమాను కట్టించాడు. ఎన్ని ఇటుకలు పట్టాయో, ఎంత గచ్చు పట్టిందో లెక్క రాయించాడు. రెండో రోజు గడవకముందే పని అయిపోయింది. ముసయ్యబ్ అనే అధికారి ఆ మేస్త్రీకి 5 దిర్హములు ఇచ్చాడు. అది ఎక్కువని ఖలీఫా ఒక దిర్హమ్ తగ్గించాడు. తర్వాత ఆ నమూనా రేటుతోనే మిగతా కట్టడం అంతా కొలిపించాడు. ముసయ్యబ్ లెక్కల్లో 6,000 దిర్హములకు పైగా తేడా తేలింది. అవి వసూలు చేసేదాకా వదల్లేదు.

సుబ్హానల్లాహ్, ఎంత ఇన్సాఫ్ అనిపిస్తుంది. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఖాలిద్ బిన్ సల్త్ అనే ఆయన నగరంలో నాలుగో వంతు పనికి ఖర్చుల జిమ్మేదార్. చివరి హిసాబ్‌లో ఆయన మీద తేలింది 15 దిర్హములు మాత్రమే. ఆ 15 దిర్హములు కట్టేదాకా కొన్ని రోజులు జైల్లో పెట్టారు. ఇక మజ్దూరీ చూస్తే, ఉస్తాద్ మేస్త్రీకి రోజుకు ఒక ఖీరాత్ వెండి, రోజ్‌గారీకి, అంటే మన రోజు కూలీకి, రెండు మూడు హబ్బాలు. హబ్బా అంటే గింజ ఎత్తు వెండి. ఖలీఫా తగ్గించిన ఆ ఒక్క దిర్హమ్ ఖజానాకు లెక్కలోకే రాదు, కమాను కట్టిన చేతులకు మాత్రం చాలా పెద్దది.

నాకు అర్థమైంది ఇదీ. గడ ఎవరి పక్షమూ కాదు. అది పట్టుకున్న చేతికే నియ్యత్ ఉంటుంది. ఒక్క వైపు ఖయానత్‌ను మాత్రమే పట్టే కొలత సగం కొలతే. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా ఇచ్చేవాళ్ళ గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరా మొదట్లోనే హెచ్చరిక ఉంది, సూరె ముతఫ్ఫిఫీన్. అది కిరాణా దుకాణపు తరాజూకే అనుకుంటాం. మేస్త్రీ కొలతల పుస్తకానికి కూడా అదే హుకుం.

మన ఇళ్ళలో ఎంతమంది గల్ఫ్‌లో సెంట్రింగ్ పనికి, తాపీ పనికి పోలేదు! వాళ్ళ నెల జీతం ఎక్కడో ఒక కాగితం మీద ఎవరో రాసే కొలతతో ముడిపడి ఉంటుంది. ఆ కాగితం రాసే కుర్చీలో ఇప్పుడు మన పిల్లలు కూర్చుంటున్నారు. అది నవ్వే పని కాదు, అమానత్.

చివరిగా ఒక మాట. చాలా కాలం తర్వాత ముహవ్వల్ దర్వాజా దగ్గర ఆ ప్రాకారంలో కొంత భాగం కూల్చారు. అందులో దొరికిన ఒక ఇటుక మీద ఎర్రమట్టితో దాని బరువు రాసి ఉంది, 117 రత్ల్‌లు. తూకం వేసి చూశారు. సరిగ్గా అంతే ఉంది.

దాన్ని చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అది గోడ లోపలికి పోతుందని, మళ్ళీ ఎవరూ తూచి చూడరని అతనికి తెలుసు. అయినా నిజమే రాశాడు. ఇదంతా విని మా ఖాలాజాన్ కొడుకు ఏమీ అనలేదు. దుబాయ్ వెళ్ళాక ఒక మెసేజ్ పెట్టాడు: "భాయిజాన్, ఈ రోజు ఒక కూలీల బిల్లులో కొలత తక్కువ పడింది. సరిచేయించాను."