ఏ గుర్తును నమ్మాలి?

చేతికో కాలికో తగిలిన గాయం మానిన తరువాత కూడా నెలల తరబడి మంట, వాపు, తాకితే ఓర్వలేని నొప్పి మిగిలినవారిని మీరు చూసే ఉంటారు. అటువంటి వారిలో కొందరికి మెడ వద్ద గాని నడుము వద్ద గాని సింపథెటిక్ నరాలకు మత్తు సూది వేస్తారు. ఆ మందు చేరవలసిన చోటికి చేరిందని వైద్యునికి తెలిసేదెలా? మత్తు ఇచ్చిన రోగిలో ఏ గుర్తును చూడాలన్న వాదం పాతదే. అందులో ఒక ఘట్టం మన జంటనగరాలలోనే నడిచింది.

సికింద్రాబాదు పొరుగున హైదరాబాదులో, 1888లో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం కమిషన్‌ను నడిపారు. క్లోరోఫాం వల్ల మరణించేవారిలో ముందుగా ఆగేది శ్వాసేనని అది తేల్చింది. లాన్సెట్ పత్రిక సందేహించింది. ఆరవ నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇవ్వగా, 1889లో ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై పరీక్షలు జరిగినా తీర్పు మారలేదు. శ్వాసను గమనిస్తే చాలునని లారీ బోధించారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపారు. శ్వాసను గమనించడం మంచిదే. అదొక్కటే చాలుననుకోవడమే పొరపాటు.

ఇప్పుడు నొప్పి సూది సంగతికి వద్దాం. సింపథెటిక్ నరాలు చర్మపు రక్తనాళాలను బిగించి ఉంచుతాయి. 1851లో క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలో ఆ నరాన్ని కోయగా, అటువైపు చెవి వెచ్చబడింది. మెడలో సూది వేసినప్పుడు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే మందు పనిచేసిందని చాలాకాలం భావించేవారు. అయితే అది ముఖానికి వెళ్లే నరాలు మొద్దుబారిన గుర్తు మాత్రమే. చేతి నరాలు మొద్దుబారాయనడానికి అది రుజువు కాదు.

కాబట్టి నొప్పి ఉన్న చేతినే పరీక్షించాలి. సూదికి ముందూ తరువాతా రెండు చేతుల చర్మం వేడిని కొలిచి పోల్చడం సులభమైన పద్ధతి. 1975లో మైఖేల్ స్టెర్న్ లేజర్ పద్ధతిని ప్రకటించారు. కదిలే రక్తకణాలను తాకి తిరిగివచ్చే కాంతిలోని స్వల్ప మార్పును బట్టి చర్మంలోని రక్తప్రవాహాన్ని అది అంచనా వేస్తుంది. గది చల్లదనం, రోగి భయం, కదలిక ఈ కొలతను మార్చగలవు. అందుకే రెండోవైపుతో పోలిక అవసరం.

చెయ్యి వెచ్చబడినా నొప్పి తగ్గకపోతే, ఆ నొప్పికి మూలం వేరే చోట ఉండవచ్చు. వెచ్చబడకపోతే, మందు అసలు చేరి ఉండకపోవచ్చు. ఈ రెంటికీ తేడా తెలియక పదే పదే సూదులు వేయించుకోవడం వృథా ప్రయాస. మీకు గాని మీవారికి గాని ఈ చికిత్స సూచిస్తే, "డాక్టరుగారూ, చేతి వేడిని ముందూ తరువాతా కొలుస్తారా?" అని అడగండి. అది న్యాయమైన ప్రశ్న.